పరుగెత్తే పిల్లల్లో షిన్ స్ప్లింట్స్: నొప్పిని గుర్తుపట్టడం నుంచి మళ్లీ గ్రౌండ్‌లోకి దిగేదాకా

బడులు తెరిచిన నెలకి ఒకసారి, పోలీసు నోటిఫికేషన్ పడిన నెలకి ఇంకోసారి నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. మోకాలి కింద ముందు ఎముక లాగేస్తోంది, పది రోజులు ఆపేస్తే తగ్గింది, మళ్లీ మొదలుపెట్టిన మూడో రోజుకే వచ్చేసింది, ఇప్పుడేం చెయ్యాలి అని. పరుగు వల్ల మోకాలి కింది ముందు ఎముక లోపలి అంచున వచ్చే ఈ నొప్పినే షిన్ స్ప్లింట్స్ అంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి విసుగొచ్చింది కాబట్టి మొత్తం ఒకేచోట రాస్తున్నా.

నేను డాక్టర్‌ని కాదు, పొద్దున్నే గ్రౌండ్‌లో పిల్లల్ని పరిగెత్తించేవాణ్ణి. ఎక్కడ నా పని అయిపోయి డాక్టర్ పని మొదలవుతుందో కింద రెండో అంకెలో రాశాను, అది మాత్రం దాటేయకండి.

ముందు ఒక్క విషయం. కొత్తగా పరుగు మొదలుపెట్టినవాడికి దమ్ము రెండు మూడు వారాల్లోనే పెరుగుతుంది. ఎముక అంత తొందరగా మారదు. అలవాటు లేని భారం పడగానే అది ముందు తన పాత భాగాన్ని కొంచెం కరిగించుకుంటుంది, తర్వాతే కొత్తది పేర్చుకుంటుంది. కరిగించడం వారాల పని, పేర్చడం నెలల పని. మధ్యలో ఎముక మామూలుకంటే బలహీనంగా ఉంటుంది, సరిగ్గా అప్పుడే మనవాడికి దమ్ము వచ్చి ఇంకో నాలుగు రౌండ్లు కొట్టాలనిపిస్తుంది. చాలామందికి నొప్పి మొదటి వారంలో కాకుండా మూడో వారంలోనో నాలుగో వారంలోనో రావడానికి కారణం ఇదే.

1. ముందు ఇది షిన్ స్ప్లింట్సేనా, చూసుకోండి

కుర్చీలో కూర్చుని నొప్పి ఉన్న కాలి చీలమండను రెండో మోకాలి మీద పెట్టండి. చీలమండ లోపలి వైపు బొడిపె ఉంటుంది కదా, అక్కడినుంచి మోకాలి వైపు, ఎముక అంచు పిక్క కండను కలిసే గీత వెంబడి బొటనవేలితో మెల్లగా నొక్కుకుంటూ పైకి రండి. ఎక్కడ నొప్పి మొదలైందో పెన్నుతో గీత పెట్టండి, ఎక్కడ ఆగిందో అక్కడ ఇంకో గీత. రెండిటి మధ్య దూరం కొలవండి.

షిన్ స్ప్లింట్స్ అయితే మామూలుగా ఇలా ఉంటుంది:

- నొప్పి కాలి లోపలి అంచున, కింది సగంలో ఉంటుంది.
- నొక్కితే నొప్పి పుట్టే పొడవు 5 సెంటీమీటర్లో, అంతకన్నా ఎక్కువో ఉంటుంది. స్కేలు లేకపోతే మూడు వేళ్లు పక్కపక్కన పెట్టి చూడండి, పెద్దవాళ్ల వేళ్లయితే సుమారు అంతే.
- మొదట్లో పరుగు మొదలుపెట్టినప్పుడు నొప్పిగా ఉండి, ఒళ్లు వేడెక్కాక తగ్గి, ఆపాక మళ్లీ వస్తుంది. ముదిరితే పరుగంతా ఉంటుంది.
- కదలకుండా కూర్చుంటే, పడుకుంటే నొప్పి ఉండదు.

నొప్పి మోకాలి చిప్ప కింద బొడిపె దగ్గరుంటే ఇది కాదు. మడమ వెనకాల ఉన్నా ఇది కాదు. ఎదిగే పిల్లల్లో ఈ రెండు చోట్లా వచ్చే నొప్పులు వేరే, వాటి పద్ధతి వేరే.

ఇంకొకటి ఉంది, దీన్ని చాలామంది షిన్ స్ప్లింట్స్ అనుకుని నెలలు గడిపేస్తారు. పరుగు మొదలుపెట్టిన పది పదిహేను నిమిషాలకి, ప్రతిసారీ దాదాపు అంతే దూరానికి, పిక్క రాయిలా బిగుసుకుపోతుంది, పాదం మొద్దుబారుతుంది లేదా టపటపా నేలకు కొట్టుకుంటుంది, ఆగి కాసేపు కూర్చుంటే ఏమీ లేనట్టు తగ్గిపోతుంది. ఎముక మీద నొక్కితే పెద్దగా నొప్పి ఉండదు. అది కండరాల చుట్టూ ఉండే పొర లోపల ఒత్తిడి పెరగడం వల్ల వచ్చే సమస్య. దానికి ఈ కింద రాసినవి పనిచేయవు, ఆర్థోపెడిక్ డాక్టర్ చూడాలి.

2. ఇవి కనిపిస్తే ఈ వ్యాసం పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి

- ఎముక మీద ఒకే చోట, వేలితో చూపించగలిగినంత చిన్న జాగాలో, నొక్కితే ఎగిరిపడేంత నొప్పి
- రాత్రి నిద్రలో లేపే నొప్పి, కూర్చున్నా తగ్గని నొప్పి
- మామూలుగా నడిచినా కుంటడం
- ఎముక ముందు అంచు మీదే, మధ్య భాగంలో నొప్పి
- గడ్డలా ఉబ్బు, ఎరుపు, వేడి, జ్వరం, బరువు తగ్గిపోవడం
- పాదం మొద్దుబారడం, వేళ్లు పైకి ఎత్తలేకపోవడం
- రెండు మూడు వారాలు పరుగు ఆపినా ఏమాత్రం తగ్గకపోవడం

కబడ్డీలోనో ఫుట్‌బాల్‌లోనో కాలికి గట్టి దెబ్బ తగిలాక గంటగంటకీ నొప్పి పెరుగుతూ కాలు బిగుసుకుపోతుంటే రేపటిదాకా ఆగకండి, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మొదటి రెండు గుర్తులు స్ట్రెస్ ఫ్రాక్చర్‌వి కావచ్చు, అంటే ఎముకలో సన్నని పగులు. ఇక్కడ అందరూ పడే బోల్తా ఒకటి చెప్తాను. ఎక్స్‌రే తీయించి, అందులో ఏమీ లేదన్నారని మర్నాడే గ్రౌండ్‌కి వచ్చేస్తారు. స్ట్రెస్ ఫ్రాక్చర్ మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. గుర్తులు గట్టిగా ఉంటే ఎంఆర్‌ఐ అవసరమా అని డాక్టర్‌ని అడగండి, అడగడానికి మొహమాటపడొద్దు. పగులు ఉందని తేలితే మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు మానాలి, ఎముక ముందు అంచు మీదైతే ఇంకా ఎక్కువ. దాన్ని పట్టించుకోకుండా పరిగెత్తితే సన్నని పగులు కాస్తా పూర్తిగా విరిగే ప్రమాదం ఉంది.

“ఒంటికాలి మీద గెంతు చూద్దాం” అని పిల్లల్ని పరీక్షించే అలవాటు కొందరు సార్లకి ఉంది. నడిస్తేనే నొప్పి ఉన్న పిల్లాణ్ణి గెంతించకండి.

3. నాలుగు వారాల లెక్క రాయండి

ఇది అందరూ దాటేసే మెట్టు. మందు అడుగుతారు, షూ అడుగుతారు, గత నాలుగు వారాల్లో ఏం చేశావురా అంటే మాత్రం “రోజూ చేసేదే సార్” అంటారు. రోజూ చేసేదే అయితే నొప్పి రాదు.

ఒక తెల్ల కాగితం తీసుకుని వారాలవారీగా ఇవి రాయండి:

- వారంలో మొత్తం ఎన్ని నిమిషాలు పరిగెత్తారు
- ఎన్ని రోజులు వరసగా, మధ్యలో సెలవు లేకుండా
- ఎక్కడ: మట్టి గ్రౌండా, తారు రోడ్డా, సీసీ రోడ్డా
- లాంగ్ జంప్, స్కిప్పింగ్, మెట్లెక్కి దూకడం లాంటివి ఎన్నిసార్లు
- కొత్త షూ, కొత్త కోచ్, కొత్త గ్రౌండ్ ఏమైనా వచ్చాయా
- సాయంత్రం కబడ్డీ, ఖోఖో, వాలీబాల్. యాన్యువల్ డే డ్యాన్స్ ప్రాక్టీస్ కూడా (నవ్వకండి, సిమెంటు స్టేజీ మీద చెప్పుల్లేకుండా రోజుకి రెండు గంటల గెంతులు కూడా భారమే)

కిందటేడు ఒక ఇంటర్ అబ్బాయి చేత రాయిస్తే ఇలా వచ్చింది: మొదటి వారం 75 నిమిషాలు, రెండో వారం 110, మూడో వారం 190. పైగా మూడో వారంలో వానకి గ్రౌండ్ బురదైతే రోడ్డు మీదికి మారాడు. నాలుగో వారం నొప్పి. వాడికి కారణం నేను చెప్పక్కర్లేకపోయింది, కాగితం చూసి వాడే తల గోక్కున్నాడు.

మన దగ్గర దీనికి సీజన్లున్నాయి. వేసవి సెలవులంతా ఇంట్లో ఉండి జూన్ రెండో వారంలో బడికి రాగానే మండల స్థాయి, జిల్లా స్థాయి సెలెక్షన్లని ఒక్కసారిగా పరిగెత్తడం ఒకటి. ఏడాదంతా పుస్తకాల ముందు కూర్చుని, పోలీసు ప్రిలిమ్స్ రిజల్ట్ రాగానే ఈవెంట్స్ (పరుగు, లాంగ్ జంప్ లాంటి దేహదారుఢ్య పరీక్షలు) కోసం తెల్లవారుజామున రోడ్డెక్కడం ఇంకొకటి. వేగంగా పొడుగెదిగే ఏడాది, అంటే అబ్బాయిలకి సుమారు 13–15, అమ్మాయిలకి దానికి ఒకటి రెండేళ్లు ముందు, ఇంకొంచెం జాగ్రత్త పడాలి. అంతకుముందు ఒకసారి ఈ నొప్పి వచ్చినవాళ్లకి, అరికాలు బాగా చదునుగా ఉన్నవాళ్లకి, బరువు ఎక్కువ ఉన్నవాళ్లకి కూడా ఇది తొందరగా వస్తుంది.

4. మొదటి రెండు వారాలు: ఆపాల్సినవి, ఆపకూడనివి

పూర్తిగా మంచమెక్కమని కాదు. ఎముకను నేలకేసి కొట్టే పనులు ఆపాలి, మిగతావి సాగాలి.

ఆపాల్సినవి: పరుగు, జంపులు, స్కిప్పింగ్, కబడ్డీ, మెట్ల మీద దూకడం.

చేయగలిగినవి: సైకిల్, ఈత, నొప్పి లేనంత నడక, పైభాగం వ్యాయామాలు, పొట్ట వ్యాయామాలు. దమ్ము పోతుందని టెన్షన్ పడేవాళ్లకి సైకిలే మందు. తెలంగాణలో 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాల్సి ఉండేది, అంటే 400 మీటర్ల రౌండుకి సుమారు ఒక నిమిషం 48 సెకన్లు. కాబట్టి సైకిల్ మీద పది నిమిషాలు మెల్లగా తొక్కి, తర్వాత 1 నిమిషం 48 సెకన్లు ఊపిరాడనంత గట్టిగా, అంతే సేపు మెల్లగా, ఇలా ఐదారుసార్లు చేయండి. వారానికి రెండు రోజులు చాలు, మిగతా రోజుల్లో అరగంట మామూలుగా తొక్కండి. గేర్ల సైకిలే అక్కర్లేదు, ఇంట్లో ఉన్నదేదైనా పర్లేదు, సీటు మాత్రం ఎత్తు పెంచుకోండి. ట్రాఫిక్ ఉన్న రోడ్డు మీద మాత్రం ఇది వద్దు.

ఐస్ సంగతి. నొప్పి తగ్గడానికి పనికొస్తుంది, జబ్బును నయం చేయదు. పేపర్ గ్లాసులో నీళ్లు పోసి ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి, పై అంచు చింపేసి, ఆ గడ్డతో నొప్పి ఉన్న గీత వెంట ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు మెల్లగా రుద్దండి, ఒకచోటే ఆపి ఉంచకండి. గుడ్డలో చుట్టిన ఐస్ ప్యాక్ అయితే 15 నిమిషాలు. రోజుకి రెండు మూడుసార్లు.

పెయిన్‌కిల్లర్ వేసుకుని పరిగెత్తడం మాత్రం వద్దే వద్దు. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆపాలో తెలియదు, పదహారేళ్ల పిల్లాడికి అది ఇంకా ప్రమాదం.

ఎముక మీద గట్టిగా మాలిష్ చేయించుకోవడం కూడా మానండి. “నరం పట్టేసింది, నొక్కితే వదుల్తుంది” అని ఊళ్లో పెద్దాయన ఎవరో మోచేత్తో రుద్దేస్తారు, రెండు రోజులు నడవలేరు. పట్టింది నరం కాదు. వెనక పిక్క కండను మెల్లగా నొక్కుకుంటే తప్పు లేదు, ముందు ఎముక జోలికి మాత్రం వెళ్లొద్దు.

నొప్పికి సున్నా నుంచి పది వరకు మార్కులు వేసుకోవడం ఇప్పుడే అలవాటు చేసుకోండి. ఏ పనైనా సరే, చేస్తున్నప్పుడు రెండు మార్కులు దాటకూడదు, మర్నాడు పొద్దున మంచం దిగి వేసే మొదటి పది అడుగుల్లో నిన్నటికన్నా ఎక్కువ ఉండకూడదు. ఇక్కడినుంచి చివరిదాకా ఈ రెండే మీకు బ్రేకులు.

5. కాలికి బలం పెంచే వ్యాయామాలు

విశ్రాంతితో నొప్పి పోతుంది గానీ కాలు బలపడదు, పైగా ఖాళీగా ఉన్న నెలలో ఇంకొంచెం బలహీనపడుతుంది. మళ్లీ మళ్లీ నొప్పి వచ్చేవాళ్లందరిలో నేను చూసిన ఒకే పోలిక ఏంటంటే ఈ మెట్టు ఎగ్గొట్టడం. నడకలో నొప్పి లేని రోజునుంచే మొదలుపెట్టొచ్చు. రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు, 20–25 నిమిషాలు. కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు చేయాలి, నొప్పి పోయిందని మూడో వారం మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

మోకాలు నిటారుగా పెట్టి మడమలెత్తడం. మెట్టు అంచు మీద ముందరి పాదంతో నిలబడి గోడో రెయిలింగో పట్టుకోండి. రెండు అంకెలు లెక్కపెడుతూ పైకి, మూడు లెక్కపెడుతూ కిందికి. మడమ మెట్టు కంటే కొంచెం కిందికి దిగాలి. మొదట రెండు కాళ్లతో 15 చొప్పున మూడుసార్లు. తేలికైపోతే ఒంటికాలితో 8, తర్వాత 12, తర్వాత 15. అది కూడా తేలికైతే వీపుకి స్కూల్ బ్యాగు తగిలించుకోండి, మన పిల్లల బ్యాగుల్లో బరువుకేం తక్కువ లేదు.

మోకాలు వంచి మడమలెత్తడం. పైదే, కానీ మోకాలు కొంచెం వంచి, వంచినదాన్ని అలాగే ఉంచి చేయాలి. దీన్నెవరూ చేయరు, అసలు పని మాత్రం దీనిదే. మోకాలు వంచితే పిక్క లోపల ఉండే సోలియస్ కండ మీద భారం పడుతుంది, పరుగులో ఎక్కువ బరువు మోసేది అదే, అది అతుక్కునేది కూడా నొప్పి పుట్టే ఎముక వెనకే. పరిగెత్తేటప్పుడు ఎముక వంగకుండా కాసేదీ ఆ కండే, అలిసిపోతే భారం ఎముక మీద పడుతుంది. 12–15 చొప్పున మూడుసార్లు.

గోడకానుకుని వేళ్లెత్తడం. వీపు గోడకి ఆనించి మడమల్ని గోడకి ఒక అడుగు ముందు పెట్టండి. మడమలు కదలకుండా పాదాల ముందు భాగం పైకి ఎత్తి దించండి. 15–20 చొప్పున మూడుసార్లు. కాలి ముందు కండ మండినట్టు అనిపిస్తుంది, అది మామూలే. ఎముక మీద నొప్పి వస్తే మాత్రం ఆపండి.

తువ్వాలు లాగడం. కుర్చీలో కూర్చుని నేల మీద పరిచిన తువ్వాలును కాలివేళ్లతో ముడుచుకుంటూ దగ్గరికి లాగండి. రెండు నిమిషాలు. అరికాలు చదునుగా ఉన్నవాళ్లు తప్పకుండా చేయాలి.

పక్కకి పడుకుని కాలెత్తడం. పై కాలు నిటారుగా, కొంచెం వెనక్కి పెట్టి ఎత్తాలి, ముందుకి వస్తే లాభం లేదు. 15 చొప్పున రెండు వైపులా మూడుసార్లు. తుంటి పక్క కండ బలహీనంగా ఉంటే ప్రతి అడుగుకీ మోకాలు లోపలికి వాలుతుంది, దాని వెంట కాలూ మెలి తిరుగుతుంది.

ఒంటికాలి నిలకడ. పళ్లు తోముకునేటప్పుడు సగం సేపు ఒక కాలు, సగం సేపు ఇంకో కాలు. దీనికి వేరే టైమ్ అక్కర్లేదు.

చివర్లో గోడకి చేతులానించి పిక్కలు సాగదీయడం, ఒక్కో కాలికి 30 సెకన్లు, మూడుసార్లు. ఎక్కువమంది ఇదొక్కటి చేసి వ్యాయామాలన్నీ అయిపోయాయనుకుంటారు. సాగదీయడం మంచిదే గానీ పైవాటి బదులు కాదు.

6. షూ, నేల

షూ గురించి గంటలు మాట్లాడతారు, నాకు తెలిసి అది కారణంలో చిన్న భాగమే. అయినా పాడైన షూతో మిగతాదంతా చేయడం దండగ.

- షూ ముందు భాగం పట్టుకుని వంచితే వేళ్ల దగ్గర వంగాలి. మధ్యలో అట్టముక్కలా మడతపడితే పరుగుకి పనికిరాదు.
- నిలబడినప్పుడు పొడవాటి వేలికీ షూ కొనకీ మధ్య బొటనవేలంత ఖాళీ ఉండాలి. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది.
- మడమ ఒక వైపే అరిగిపోయి ఉంటే మార్చండి. సుమారు 500–800 కిలోమీటర్లకి లోపలి మెత్తదనం పోతుంది, పైకి కొత్తగా కనపడినా సరే.
- ఎదిగే పిల్లలకి మూడు నాలుగు నెలలకోసారి సైజు చూడండి.
- తెల్ల కాన్వాస్ షూ పీటీ పీరియడ్‌కి సరిపోతుంది, రోజూ నాలుగు కిలోమీటర్ల రోడ్డు పరుగుకి సరిపోదు.

కొనే స్తోమత లేకపోతే మెడికల్ షాపులో దొరికే మెత్తటి ఇన్‌సోల్ వేసుకుని మట్టి నేల మీదే పరిగెత్తండి. చదును పాదం ఉన్న ప్రతి పిల్లాడికీ ఆర్చ్ సపోర్ట్ కొనక్కర్లేదు, నొప్పి లేకపోతే ఆ పాదాన్ని దాని మానాన వదిలేయండి. చెప్పుల్లేకుండా పరిగెత్తడం మంచిదని వీడియో చూసి ఒక్కసారిగా మొదలుపెట్టే పిల్లలున్నారు, నొప్పి ఉన్నప్పుడు ఆ ప్రయోగం వద్దు.

నేలల్లో నా వరస: గట్టిపడిన మట్టి గ్రౌండ్, చెరువు కట్ట మీద చదునైన దారి, తారు రోడ్డు, అన్నిటికన్నా చివర సీసీ రోడ్డు. ఇసుకలోనూ, మరీ మెత్తటి దుక్కిలోనూ పిక్కలకి శ్రమ పెరుగుతుంది, కాబట్టి అది కూడా మందు కాదు. రోడ్డు అంచు వాలుగా ఉంటుంది, ఎప్పుడూ ఒకే వైపు పరిగెత్తితే ఒక కాలి మీద భారం వేరేగా పడుతుంది, చదునైన చోటు చూసుకోండి. చిన్న గ్రౌండ్‌లో రౌండ్లు కొట్టేవాళ్లు వార్మప్ రౌండ్లు ఎదురు దిక్కులో తిరగండి.

7. మళ్లీ పరుగు మొదలుపెట్టడం

ముందు ఈ నాలుగూ సరిచూసుకోండి. ఒక్కటి తగ్గినా ఇంకో వారం ఆగాలి.

- వరసగా వారం రోజులు మామూలు పనుల్లో నొప్పి లేదు
- అరగంట వేగంగా నడిచినా, మర్నాడు పొద్దున కూడా నొప్పి లేదు
- ఒంటికాలితో 20సార్లు మడమ ఎత్తగలుగుతున్నారు, రెండు కాళ్లూ దాదాపు సమానం
- ఒంటికాలి మీద పది చిన్న గెంతులు నొప్పి లేకుండా వేయగలుగుతున్నారు (ఇది ఆఖర్న, మొదటి మూడూ అయ్యాకే)

తర్వాత ఈ మెట్లు. రోజు విడిచి రోజు. ప్రతి పూటా ముందు ఐదు నిమిషాల నడక ఉండాలి. ఒక్కో మెట్టు కనీసం రెండు పూటలు చేయాలి.

మెట్టు 1: 4 నిమిషాలు నడక, 1 నిమిషం పరుగు, ఐదుసార్లు
మెట్టు 2: 3 నిమిషాలు నడక, 2 నిమిషాలు పరుగు, ఐదుసార్లు
మెట్టు 3: 2 నిమిషాలు నడక, 3 నిమిషాలు పరుగు, ఐదుసార్లు
మెట్టు 4: 1 నిమిషం నడక, 4 నిమిషాలు పరుగు, ఐదుసార్లు
మెట్టు 5: ఆగకుండా 20 నిమిషాలు, పక్కవాడితో మాట్లాడగలిగినంత మెల్లగా

మధ్యలో నొప్పి రెండు మార్కులు దాటితే ఆపి నడుచుకుంటూ ఇంటికి వెళ్లండి, రెండు రోజులు ఆగి ఒక మెట్టు కిందినుంచి మొదలుపెట్టండి. అంతా సవ్యంగా సాగితే ఐదు మెట్లకి సుమారు మూడు వారాలు పడుతుంది. మొదటి మెట్టు చూసి “ఇదేం పరుగు సార్, మా చెల్లి కూడా చేస్తుంది” అన్నవాళ్లున్నారు. చెల్లిని కూడా తీసుకురమ్మన్నాను.

ఐదో మెట్టు దాటాక పెంచే వరస: ముందు నిమిషాలు, తర్వాత రోజులు, తర్వాత వేగం, ఆఖర్న జంపులు, స్పైక్స్ (కింద మేకులుండే షూ). ఒకే వారంలో రెండు పెంచకండి. వారానికి పది శాతం చొప్పున పెంచమంటారు, అదేమీ శిలాశాసనం కాదు, అది పాటించినా నొప్పి వచ్చేవాళ్లున్నారు. పొద్దుటి పది అడుగుల పరీక్షను ఆ పది శాతం కంటే ఎక్కువ నమ్మండి. ప్రతి నాలుగో వారం మొత్తంలో మూడో వంతు తగ్గించండి.

పరుగు తీరులో ఒక్క మార్పు చాలు. పొడుగు అంగలు వేసేవాళ్లకి పాదం మోకాలి కంటే బాగా ముందు పడి, నేలని తన్నినట్టవుతుంది. 30 సెకన్లలో కుడికాలు ఎన్నిసార్లు నేలను తాకిందో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి, అవి నిమిషానికి మీ అడుగులు. ఆ అంకె 156 అయితే 164 నుంచి 170 మధ్యకి తీసుకురండి, అంటే వేగం పెంచకుండా అంగలు చిన్నవి చేసి అడుగులు ఐదు నుంచి పది శాతం పెంచడం. లెక్క కష్టమనిపిస్తే పిల్లలకి నేను చెప్పేది ఒక్కటే: “నీ అడుగుల చప్పుడు నాకు వినపడకూడదు.”

8. తిండి, నిద్ర, అమ్మాయిల విషయం

పొద్దున ఐదింటికి పరగడుపున పరుగు, ఏడింటికి ట్యూషన్, తొమ్మిదింటికి బడి, మధ్యలో టీ బిస్కెట్. ఇలా తిని ఎముకను బాగుచేసుకోమంటే అది దేంతో చేసుకుంటుంది? పరుగుకి ముందు ఒక అరటిపండు, అయిన గంటలోపు కడుపునిండా టిఫిన్. పాలు, పెరుగు, గుడ్లు, నువ్వులుండలు, రాగి జావ ఏదో ఒక రూపంలో రోజూ ఉండాలి. ఎదిగే పిల్లలకి రోజుకి సుమారు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. మన ఎండల్లో కూడా విటమిన్ డి తక్కువున్న పిల్లలు చాలామంది, తెల్లవారుజామున చీకట్లో పరిగెత్తి రోజంతా క్లాసులో కూర్చునేవాళ్లకి ఎండ తగిలేదెప్పుడు? నొప్పి మాటిమాటికీ వస్తుంటే డాక్టర్‌ని అడిగి రక్తపరీక్ష చేయించండి, మెడికల్ షాపువాడు చెప్పాడని మాత్రలు మింగకండి.

అమ్మాయిలకి ఈ నొప్పి అబ్బాయిలకంటే ఎక్కువగా వస్తుంది. ప్రాక్టీస్ పెరిగాక నెలసరి మూడు నెలలుగా రాకపోతే “ఆటలాడే పిల్లలకి మామూలే” అని ఊరుకోవద్దు. చేసే పనికి తిండి చాలడం లేదని అది గుర్తు కావచ్చు, ఎముక సాంద్రత కూడా తగ్గుతుంది. అమ్మకి చెప్పడానికి మొహమాటపడే పిల్లలుంటారు, కాబట్టి కోచ్‌గా మగవాళ్లున్నచోట ఒక మేడమ్ చేత అడిగించడం మంచిది.

నిద్ర ఎనిమిది గంటలకి తగ్గకూడదు. ఫోన్ సంగతి మీకే తెలుసు.

9. తరచూ చేసే పొరపాట్లు, సవరణలు

నొప్పి తగ్గగానే పాత లెక్కకి వెళ్లిపోవడం. రెండు వారాలు ఆపితే మొదటి మెట్టు నుంచే, ఇందులో బేరాల్లేవు.

కాళ్లకి ఇసుక బరువులు కట్టుకుని పరిగెత్తడం. బలం కోసమే అయితే ఆ బరువు బ్యాగులో పెట్టి మడమలెత్తండి.

క్రేప్ బ్యాండేజి బిగించి పరిగెత్తడం. హాయిగా అనిపించొచ్చు, భారం తగ్గదు. పుత్తూరు కట్టు కట్టిద్దామా అని అడిగిన తల్లిదండ్రులున్నారు. ఇక్కడ విరిగింది ఏదీ లేదు, కట్టుతో నాలుగు వారాలు కదలకుండా ఉంచితే పిక్క కండ కరిగిపోయి తర్వాత ఇంకా కష్టం.

రోజూ ఒకే పరుగు. సోమవారం నుంచి శనివారం దాకా ప్రతిరోజూ 1600 మీటర్లు టైమ్ పెట్టి కొట్టడం నేను చూసే తప్పుల్లో పెద్దది. వారానికి ఒక్కరోజు టైమ్ చూసుకోండి, మిగతావి మెల్లని పరుగు, మధ్యలో కనీసం రెండు రోజులు కాళ్లకి సెలవు.

పీఈటీ సార్‌కి చెప్పకపోవడం. టీములోంచి తీసేస్తారని భయం. సార్లకి నా మనవి కూడా అదే: నొప్పి చెప్పినవాణ్ణి అందరి ముందు “నాటకాలా” అనకండి, ఒకసారి అంటే మిగతా పదిమందీ దాచేస్తారు.

10. సెలెక్షన్‌కో ఈవెంట్స్‌కో పది రోజులే ఉంటే

దీనికి దొడ్డిదారి లేదు. రెండో అంకెలో ఉన్న గుర్తుల్లో ఒక్కటున్నా దిగకండి, మళ్లీ అవకాశం వస్తుంది.

అవేవీ లేకుండా, నడకలో నొప్పి లేకుండా, మెల్లని పరుగులో రెండు మార్కుల లోపు ఉంటే ఇలా చేయండి. పది రోజుల్లో పరుగు మూడే మూడుసార్లు: పదో రోజు ముందు 15 నిమిషాలు మెల్లగా, ఏడో రోజు ముందు ఒక్క 800 మీటర్లు అనుకున్న వేగంతో, నాలుగో రోజు ముందు 400 మీటర్లు రెండుసార్లు, మధ్యలో ఐదు నిమిషాల నడకతో. మిగతా రోజుల్లో సైకిల్. ఆఖరి రెండు రోజులు నడక తప్ప ఏమీ వద్దు. కొత్త షూ కొని ఆరోజే వేసుకోకండి. పొద్దున 20 నిమిషాలు ముందే వార్మప్ మొదలుపెట్టండి, మడమలెత్తడం రెండు కాళ్లతో 20, తర్వాత మెల్లని పరుగు, తర్వాత మూడు చిన్న పరుగులు.

అయిపోయాక, పాసైనా ఫెయిలైనా, మర్నాడు మొదటి అంకెలో చెప్పినట్టు గీత పెట్టి కొలవండి. పెన్ను గీతల మధ్య దూరం పెరిగితే మొత్తం నాలుగో అంకె నుంచి మళ్లీ మొదలు. నొప్పి ఒకే చోట చేరి వేలంత జాగా అయితే డాక్టర్ దగ్గరికి.